ఆ మొదటి రెండు రోజుల కూలి ఎవరిస్తారు?

వరంగల్, హనుమకొండ జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య అధికారులకు, మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కొత్తవాడ దగ్గర ఒక సందులో కిరాణం షాపు నడుపుతాను. మా నాన్న పెట్టిన షాపు ఇది. నేను గల్లా దగ్గర కూర్చోబట్టి ఇరవై రెండేళ్లవుతోంది. ఉద్దెర పద్దులు రాయడమే తప్ప ఉత్తరాలు రాసే అలవాటు లేదు. వరుస తప్పితే మన్నించండి. నలుగురిలో ఒక అబద్ధం ఆడాను, దాన్ని నలుగురిలోనే వెనక్కి తీసుకుందామని రాస్తున్నాను.

మొన్న వానాకాలం జ్వరాల మీద మా దగ్గర ఒక సమావేశం పెట్టారు. కూలర్లు కడగండి, కొబ్బరి చిప్పల్లో నీళ్లు ఉంచకండి, అన్నీ చెప్పారు. చివర్లో ఒక సారు మైకు తీసుకుని అడిగారు: "రేపు మళ్లీ కరోనా లాంటిది వస్తే, పోలీసులు చెప్పకుండానే, మీ అంతట మీరు ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి." హాలులో చెయ్యి ఎత్తని మనిషి లేడు. నేనూ ఎత్తాను. సారు సంతోషపడి చప్పట్లు కొట్టించారు, ఫోటో తీయించారు. తర్వాత సమోసా, చాయ్.

అలా చెయ్యి ఎత్తిన నేను 2021 మే నెలలో జ్వరంతో రెండు రోజులు షాపులో కూర్చున్నాను.

ఆ నెల మీకు గుర్తుండే ఉంటుంది. 12వ తారీఖు నుంచి లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే షాపులు. పది దాటితే పోలీసు బండి సైరన్. రోజంతా జరిగే గిరాకీ ఆ నాలుగు గంటల్లోనే జరగాలి, జనం కూడా అలాగే ఎగబడేవాళ్లు. అప్పుడే ఒక రాత్రి ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. తెల్లారేసరికి గొంతు గరగర, ఒళ్లు కాలుతోంది. ఏమయ్యిందో నాకు తెలుసు. టీవీలో ఏడాదిగా చెప్తున్నది అదే కదా. అయినా నిన్న ఫ్రిజ్ నీళ్లు తాగాను, దానివల్లే అనుకున్నాను. ఒక డోలో గోళీ వేసుకుని, మాస్కు మీద మాస్కు కట్టుకుని, ఆరింటికి షట్టర్ లేపాను. రెండో రోజూ అంతే.

టెస్టుకు పోలేదు. పోతే తెలిసిపోతుంది. తెలిస్తే షాపు మూయాలి. హోల్‌సేల్ సేటుకు కట్టాల్సిన తారీఖు దగ్గర పడింది, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు ఉన్నాయి, పైసలు తిరిగేది ఆ నాలుగు గంటల్లోనే. తెలియనంతసేపు నేను తప్పు చేస్తున్నవాణ్ణి కాదు, కొంచెం నలతగా ఉన్నవాణ్ణి, అంతే. మనిషి బుద్ధి ఎంత తెలివిగా పనిచేస్తుందో ఆ రెండు రోజుల్లో చూశాను.

మా సందులో ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి ఒక పాల ప్యాకెట్ తీసుకునేవాడు. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టేవాడు, నేను మిగతాది ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. ఆ నెలాఖరుకు ఆయన దవాఖానలో పోయాడు. నా దగ్గరే అంటిందని ఎవరూ అనలేదు. ఊళ్లో అప్పుడు ఎక్కడైనా అంటవచ్చు. కాదని మాత్రం నేను అనలేకపోతున్నాను.

మూడో రోజు జ్వరం సర్వేకు ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూ వచ్చింది. వేలికి ఆక్సీమీటర్ పెట్టి, నా మొహం చూసి, "ఎన్ని రోజులైందన్నా?" అంది. "ఇవాళే" అన్నాను. అదీ అబద్ధమే. ఆమె ఏమీ అనలేదు. గోళీల కిట్టు చేతిలో పెట్టి షట్టర్ వైపు చూసింది. నేనే దించాను.

తర్వాత ఒక డాక్టరు గారు చెప్పిన సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కరోనా ఎక్కువగా అంటేది లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, బయటపడ్డాక మొదటి కొద్ది రోజుల వరకూనట. తట్టు అయితే ఒంటి మీద దద్దు లేవడానికి నాలుగు రోజుల ముందే అంటడం మొదలవుతుంది. అంటే మనిషికి అనుమానం వచ్చి, నలుగురూ చెప్పి, లైన్లో నిలబడి, రిపోర్టు చేతికొచ్చి, అప్పుడు ఇంట్లో కూర్చుంటే, జరగాల్సిన నష్టంలో చాలా భాగం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. మీకు మా దగ్గర నుంచి అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ మొదటి రెండు మూడు రోజులు. సరిగ్గా అవే మాకు చేతకాని రోజులు. (డెంగీ సంగతి వేరు, అది మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు, దోమ కావాలి. దానికి ఇంట్లో కూర్చోవడం కంటే దోమతెర ముఖ్యం. సమావేశంలో అన్ని జ్వరాలనూ ఒకే గాటన కట్టి చెప్పారు, అందుకే ఈ మాట.)

ఎందుకు చేతకాదో నా ఖాతా పుస్తకం చెబుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే సందు చివరి అపార్ట్‌మెంట్ల నుంచి వాట్సాప్‌లో లిస్టులు వచ్చాయి. పాతిక కిలోల సన్నబియ్యం బస్తా, ఐదు లీటర్ల నూనె డబ్బా, ఐదు కిలోల కందిపప్పు, పిల్లలకు బిస్కెట్లు. ఫోన్‌పే కొట్టారు, సరుకు లిఫ్ట్ దగ్గర పెట్టించుకున్నారు, తలుపులేసుకున్నారు. వాళ్లది తప్పనడం లేదు. ఇంట్లో ఉండమన్నారు, ఉన్నారు. అదే సందులో ఇటు పక్కన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ చేసే మనిషి ఇల్లుంది. ఆయన భార్య రోజూ సాయంత్రం షాపుకొస్తుంది. పావు కిలో పప్పు, ఇరవై రూపాయల నూనె, ఐదు రూపాయల చాయ్‌పత్తా. రేపటి సరుకు రేపే, ఎందుకంటే రేపటి కూలి రేపు వస్తుంది. ఆ ఇంటికి పోయి పద్నాలుగు రోజులు గడప దాటొద్దంటే, రెండో రోజు నుంచి పొయ్యి వెలిగించొద్దన్నట్టే వాళ్లకు వినపడుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. ఆ ఏప్రిల్‌లో రేషన్ కార్డున్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు. ఆ 1,500 ఎటు పోయిందో నేను చూశాను, మా సందు వరకు చాలామట్టుకు నా గల్లాలోకే వచ్చింది. పాత ఉద్దెర కొంత, నూనె, చింతపండు, సబ్బులు. బియ్యం ఇంట్లో ఉండబట్టే జనం ఆగారు. కానీ అది ఊరంతా మూసేసిన రోజుల సంగతి. అందరి కూలీ పోయింది కనుక అందరికీ ఇచ్చారు. ఊరు మామూలుగా నడుస్తుండగా ఒక్క మనిషికి జ్వరం వచ్చి, అతనొక్కడే ఆగిపోవాల్సి వస్తే? అతని కోసం ఏ జీవో రాదు. మిర్చి సీజన్‌లో తోటివాళ్లు బస్తాలు మోస్తుంటే ఈయన మంచం మీద పడుకుని చూడాలి. నాలుగో రోజు వెళ్తే ఆ చోటులో ఇంకొకడు ఉంటాడు. లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉండడం, మనంతట మనం ఇంట్లో ఉండడం ఒకటే అని మైకులో మాట్లాడేవాళ్లు అనుకుంటున్నారు. రెంటికీ చాలా దూరం ఉంది.

ఇది నా ఊహ అనుకుంటారేమో. 2020లో కరోనా మొదలైన రోజుల్లో ఇజ్రాయెల్‌లో జనాన్ని ఇదే అడిగారు. పోయిన జీతం ఇస్తామంటే క్వారంటైన్‌లో ఉంటామన్నవాళ్లు 94 శాతం. జీతం ఇవ్వమంటే 57 శాతానికి లోపే. మనుషులు వాళ్లే, జబ్బూ అదే, పైసల దగ్గరే లెక్క మారింది. అదీ నోటితో చెప్పిన లెక్కే, చేసి చూపింది కాదు. బ్రిటన్‌లో లక్షణాలు వచ్చినవాళ్లను తర్వాత అడిగితే, పూర్తిగా ఇంట్లోనే ఉన్నామన్నవాళ్లు సగం మంది కూడా లేరు. ఆ దేశాలు మనకంటే కలిగినవి. అక్కడే అలా ఉంటే, మా హాలులో నూటికి నూరు చేతులు లేచాయంటే ఏమనుకోవాలి? సమోసాల వాసన వస్తోంది సారూ, ఎవరు ఎత్తరు?

మిల్లులో పనిచేసే మా బావమరిది ఒకసారి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా గురించి చెప్పాడు. అందులో ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. మంచి ఏర్పాటు. కానీ మామూలుగా మొదటి రెండు రోజులకు రాదు. మూడో రోజు నుంచే లెక్క. పదిహేను రోజుల లోపు మళ్లీ జబ్బు చేస్తేనే ఆ రెండు రోజులు కూడా కలుస్తాయి. ఊరికే సెలవు పెట్టేవాళ్లను ఆపడానికి ఎప్పుడో పెట్టిన నియమం అయ్యుంటుంది. కాలు విరిగినవాడికి దానివల్ల పెద్ద తేడా పడదు. అంటురోగం వచ్చినవాడు మాత్రం సరిగ్గా ఆ రెండు రోజులే డ్యూటీకి పోతాడు. ఆ కార్డు కూడా లేని హమాలీలు, ఆటోవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, నాలాంటి షాపులవాళ్లు, సిరిసిల్లలో మరమగ్గాల మీద కూలికి నేసేవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టేవాళ్లు, వీళ్లకు మూడో రోజు కూడా ఏమీ లేదు.

ఇక ఇల్లు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లు మీరు చూసే ఉంటారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు చాలామంది సార్లు వచ్చి ఫోటోలు దిగారు. ఆ ఇళ్లలో సగం చోటు మగ్గానిదే. మిగిలిన సగంలో వంట, పడక, పిల్లల చదువు. మీరు పంచే కాగితంలో "గాలి వెలుతురు వచ్చే ప్రత్యేక గది, వీలైతే విడిగా మరుగుదొడ్డి" అని ఉంటుంది. ఆ ఇంట్లో మనిషిని విడిగా పెట్టాలంటే ముందు మగ్గాన్ని బయట పెట్టాలి. 2021 మేలో నల్గొండ జిల్లాలో ఒక కుర్రాడికి పాజిటివ్ వచ్చింది. ఉన్నది ఒకటే గది. ఇంటి దగ్గరి చెట్టు మీద వెదురు బొంగులతో మంచం కట్టుకుని పదకొండు రోజులు దాని మీదే ఉన్నాడు. పేపర్లలో వచ్చింది, అందరం శభాష్ అన్నాం. జనానికి ఎంత ఇష్టముందో ఆ చెట్టు చెప్పింది. ఇంట్లో ఎన్ని అర్రలున్నాయో కూడా అదే చెప్పింది. రెండోది మనం వినలేదు.

మాకు రెండు అర్రలున్నాయి. షట్టర్ దించాక నేను వెనక అర్రలో పడుకున్నాను. మా ఆవిడ పళ్లెం గడప దగ్గర పెట్టి పక్కకు జరిగేది. ఐదో రోజు ఆమెకూ జ్వరం వచ్చింది. నాకు జబ్బు చేస్తే అర్ర దొరికింది. ఆమెకు జబ్బు చేస్తే వంటింట్లో ఇంకో మాస్కు దొరికింది. పొయ్యి దగ్గర నుంచి ఆమెను విడిగా పెట్టడం మా వల్ల కాలేదు. నాకు అన్నం వార్చడం కూడా రాదు, సిగ్గు విడిచి చెప్తున్నాను. అలా రెండు రోజులు గడిచాక వెనకింటి అక్క టిఫిన్ గిన్నె పిట్టగోడ మీద పెట్టడం మొదలుపెట్టింది. పదకొండింటికి గోడ మీద టక్కున చప్పుడు, "తమ్మీ, పెట్టిన" అని ఒక కేక, అంతే. ఒకరోజు సర్వపిండి పెట్టింది. అప్పటికి నాకు రుచీ వాసనా పోయాయి. అయినా మొత్తం తిన్నాను. మా ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయింది. ఇంట్లో ఉండండి అని చెప్పే పోస్టర్ల మీద ఎప్పుడూ ఒక మగమనిషి కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుతుంటాడు. పక్క వంటింట్లో ఎవరున్నారో కూడా ఒకసారి గీయించండి.

మన వాళ్లకు విడిగా ఉండడం రాదని అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఏ కలెక్టరూ చెప్పేవాడు కాదు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ పిల్లవాణ్ణి వేపాకుల మీద పడుకోబెట్టేవాళ్లు. పోపు పెట్టేవాళ్లు కాదు, చుట్టాలను రానిచ్చేవాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు పెళ్లిళ్లకు పేరంటాలకు పోయేవాళ్లు కాదు. చివర్లో వేపాకు పసుపు నీళ్లతో తలకు పోసి, పోచమ్మకు చల్ల పోసి వచ్చాకే మళ్లీ మామూలు. అందులో మందు వేయనివ్వని మూఢత్వం ఉంది, దాన్ని నేను వెనకేసుకు రాను. దద్దు కనిపించేసరికే పక్కింటి పిల్లలకు అంటి ఉండేదన్నదీ నిజమే. కానీ ఒకటి గమనించండి. గుమ్మానికి వేపమండ కనిపిస్తే జనం దండం పెట్టుకుని పక్కకు పోయేవాళ్లు. ఇంటి ముందు బియ్యం, పెరుగు పెట్టిపోయేవాళ్లు. 2020లో మా పక్క సందులో ఒక ఇంటికి క్వారంటైన్ కాగితం అంటిస్తే, జనం దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. పాలు పోసే ఆయన రావడం మానేశాడు. చెత్త బండి ఆగేది కాదు. కిరాయికి ఉన్నవాళ్లు, తగ్గిన నెలకే ఇల్లు ఖాళీ చేశారు. రెండూ గుమ్మానికి కట్టిన గుర్తులే.

ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, విపత్తు చట్టం కింద అధికారం ఉన్నవాళ్లు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఇళ్ల ముందు అలాంటి పోస్టర్లు అంటించవద్దని చెప్పింది. మంచిదే. అప్పటికే మా సందు జనం పాఠం నేర్చుకున్నారు. మరుసటి ఏడు జ్వరం వచ్చినవాళ్లలో సగం మంది గోళీల కోసం వేరే వాడలోని మెడికల్ షాపుకు పోయేవాళ్లు. నాకెలా తెలుసంటారా, ఆ పక్కనే నా హోల్‌సేల్ దుకాణం.

చట్టం లేక కాదు. బొంబాయి ప్లేగు నాడు తెల్లదొరలు తెచ్చిన 1897 అంటురోగాల చట్టం ఇంకా ఉంది. మాస్కు లేకపోతే 1,000 రూపాయల జరిమానా వేశారు, దానికి భయపడి మాస్కు గదవ కిందికి వచ్చి వేలాడింది. చౌరస్తాలో మాస్కు లేనివాణ్ణి పోలీసు పట్టుకోగలడు. ఇంట్లో జ్వరం దాచుకున్నవాణ్ణి పట్టుకోలేడు. నన్నెవరు పట్టుకున్నారు?

కాబట్టి ఇప్పుడు, జబ్బేమీ లేని రోజుల్లోనే, నేను అడిగేది ఇది. అంటురోగం ఊళ్లో తిరుగుతోందని మీరు ప్రకటించిన రోజు నుంచి, జ్వరం వచ్చి ఇంట్లో ఆగిన మనిషికి మొదటి రోజు నుంచే కూలి ఇవ్వండి. రిపోర్టు వచ్చాక అని పెట్టొద్దు, అక్కడే అంతా చెడుతుంది. ఆశా కార్యకర్త వచ్చి చూసి రాసిన చీటీ చాలని చెప్పండి. మొదట మూడు రోజులకు ఇవ్వండి, ఈలోగా టెస్టు మీరే చేయించండి, నెగెటివ్ వస్తే నాలుగో రోజు పనికి పోతాడు. బ్యాంకు ఖాతాలో వేయడం కొత్త సంగతేమీ కాదు. టీబీ వచ్చినవాళ్లకు తిండి కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఖాతాలోనే వేస్తున్నారు, 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ దారి ఉంది కదా, దాని పక్కనే ఇంకో దారి వేయండి.

పైసలు ఆలస్యమవుతాయనుకుంటే సరుకు చీటీ ఇవ్వండి. సందులోని కిరాణం షాపు నుంచి వారానికి సరిపడా సరుకు గుమ్మం ముందుకు చేరుతుంది, బిల్లు మీరు కట్టండి. ఇందులో నా లాభం కూడా ఉంది, దాచను. మగ్గం ఇళ్లవాళ్లకు, ఒక్క అర్ర ఇళ్లవాళ్లకు డివిజన్‌కు ఒక బడో ఫంక్షన్ హాలో ముందే రాసి పెట్టండి. 2021లో కొన్ని ఊళ్లలో బడుల్లో మంచాలు వేశారు, కానీ అప్పటికి జబ్బు సగం ఊరు తిరిగేసింది. ఆడవాళ్లకు విడిగా పెట్టండి, బాత్‌రూమ్‌కు గొళ్లెం ఉందో లేదో చూడండి, లేకపోతే మా ఆవిడలాంటివాళ్లు ఎవరూ రారు. ఎవరింట్లో జ్వరముందో ఆశా కార్యకర్తకు, డాక్టరుకు తప్ప ఇంకెవరికీ తెలియొద్దు. వార్డు వాట్సాప్ గ్రూపులో లిస్టు పెట్టేవాళ్ల మీద మాత్రం ఆ 1,000 రూపాయల జరిమానా వేయండి, నేను వచ్చి సాక్ష్యం చెప్తాను.

దొంగ జ్వరాలు చెప్పి పైసలు తీసుకుంటారని ఎవరో ఒక ఆఫీసరు ఫైలు మీద రాస్తారు. రాయనివ్వండి. నిజమే, కొందరు తీసుకుంటారు. నేను ఇరవై రెండేళ్లుగా ఉద్దెర ఇస్తున్నాను. ఎగ్గొట్టి పోయినవాళ్ల పేర్లు పుస్తకంలో ఎర్ర ఇంకుతో ఉన్నాయి, ఒకరిద్దరు మా చుట్టాలే. వాళ్ల కోసమని ఉద్దెర మానేస్తే రెండో నెలకు షాపు మూసుకోవాలి. ఎంత మునుగుతుందో ముందే లెక్క వేసుకుని వ్యాపారం చేస్తాం. మీరూ వేసుకోండి. జ్వరం లేకుండా మూడు రోజుల కూలి తీసుకున్నవాడు ఒక పక్క, జ్వరంతో నాలుగు గంటల గిరాకీ చేసుకున్న నేను ఒక పక్క. ఎవరు ఊరికి ఎక్కువ ఖర్చు పెట్టించారో మీరే తేల్చండి.

వచ్చే సమావేశంలో ఆ సారు మళ్లీ అడిగితే ప్రశ్న కొంచెం మార్చమని మనవి. "మూడు రోజుల కూలి ఇచ్చి, సరుకు గుమ్మం ముందు పెట్టి, మీ పేరు ఎవరికీ చెప్పకపోతే, మొదటి రోజే షట్టర్ దించుతారా?" అని అడగమనండి. అప్పుడు నా చెయ్యి చూడండి. అంతదాకా మొన్న ఎత్తిన చేతిని లెక్కలోంచి తీసేయండి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే మీ మనిషిని ఎవరినైనా పంపండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అయితే గిరాకీ ఉండదు. 2020, 2021 ఖాతా పుస్తకాలు రెండూ అటక మీద ఉన్నాయి, దింపి చూపిస్తాను. పేర్లున్న వైపు మాత్రం కాగితం కప్పి చూపిస్తాను.

ఇట్లు,
కొత్తవాడ దగ్గరి కిరాణం షాపు మనిషి
వరంగల్